పేదల ఆరోగ్యం మీద పనిచేసే స్టార్టప్‌లకి మా సంఘం నిధి ఇవ్వాలా, వద్దా?

పాతబ్యాచ్_కాకినాడ:
మా ఇంజనీరింగ్ కాలేజీ పాత విద్యార్థులం ట్రస్టు పెట్టుకుని ఇన్నాళ్ళూ స్కాలర్‌షిప్‌లు ఇస్తున్నాం. ఈ ఏడాది కొంత డబ్బు, పేదల ఆరోగ్యం కోసం పనిచేసే కొత్త స్టార్టప్‌లకి ఇద్దామని డల్లాస్ మిత్రుల ప్రతిపాదన. ఇక్కడున్నవాళ్ళలో సగం మంది "దానికన్నా నాలుగు పీహెచ్‌సీలకి కావాల్సినవి కొనిస్తే పోదా" అంటున్నారు. దరఖాస్తుల్లో మాకు బాగా నచ్చింది ఒకటుంది. సూది గుచ్చకుండా, వేలికి క్లిప్పు పెట్టి హిమోగ్లోబిన్ ఎంతో చెప్పే పరికరం. ముగ్గురు కుర్రాళ్ళు చేస్తున్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఏపీలో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అవసరం ఉందనడానికి ఇంకేం కావాలి? ఇస్తే ఎలా ఇవ్వాలో కూడా చెప్పండి.

రిటైర్డ్_సిస్టర్:
బాబూ, నేను ఏఎన్ఎంగా చేసి రిటైరయ్యాను. రక్తం తక్కువగా ఉందని తెలియక ఆగిన కేసులు నేను పెద్దగా చూడలేదు. కంటి రెప్ప కిందికి లాగి చూస్తే సగం తెలిసిపోతుంది, మిగతాది మీటర్ చెబుతుంది. మేం ఆగిపోయేది మాత్రల దగ్గర. ఐరన్ మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పుతుంది, విరేచనం నల్లగా అవుతుంది, నాలుగో రోజుకి మానేస్తారు. కొందరు టీతో మింగుతారు, ఇక అది ఒంటికి పట్టేదేముంది? అత్తగారేమో "మాత్రలేసుకుంటే బిడ్డ లావైపోయి కాన్పు కష్టమవుతుంది" అని దాచేస్తుంది. మీ కుర్రాళ్ళు ఎప్పుడైనా ఆ అత్తగారితో కూర్చుని మాట్లాడారా?

ఇంకొకటి కూడా అడగండి. గోరింటాకు పెట్టుకున్న వేలి మీద ఆ క్లిప్పు సరిగ్గా చూపిస్తుందా? నాట్లు వేసి వేసి కాయలు కాచిన వేళ్ళ మీద? నల్లటి చర్మం మీద పల్స్ ఆక్సీమీటర్ కూడా ఆక్సిజన్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుందని కోవిడ్ రోజుల్లో తేలింది కదా.

ఓరుగల్లు_మేకర్:
సిస్టర్ గారు అడిగింది ప్రతి ఇంక్యుబేటర్‌లో, అంటే కొత్త కంపెనీలకి చోటూ సలహాలూ ఇచ్చే కేంద్రాల్లో, మొదటి రోజే అడగాలి. మాలాంటివాళ్ళు ఎక్కడ ఇరుక్కుంటారో కూడా చెబుతా.

గ్రాంటుకి ఒక దారంటూ ఉంది. బయోటెక్ స్టార్టప్‌లకి సాయం చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ బైరాక్ ఉంది, వాళ్ళ బిగ్ పథకంలో 18 నెలలకి 50 లక్షల దాకా ఇస్తారు, కంపెనీలో వాటా అడగరు. ఇక్కడ హైదరాబాద్‌లో ఐకేపీ నాలెడ్జ్ పార్క్ దాన్ని చూసుకుంటది. పోటీ గట్టిగానే ఉంటది, కానీ ఎవరిని అడగాలో తెలుసు. ఆ 18 నెలలు అయిపోయాకే అసలు టెన్షన్. మాది నవజాత శిశువులకి వాడే చిన్న పరికరం. ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో పైలట్ చేశాం, డాక్టర్లు బాగుందన్నారు. మరి కొనండి అంటే "టెండర్‌లో రా తమ్ముడూ" అన్నారు. టెండర్‌లో మూడేళ్ళ టర్నోవర్ చూపాలి, ఇంతకుముందు సప్లై చేసిన కాగితాలు పెట్టాలి. నిన్న పుట్టిన కంపెనీకి అవి ఎక్కడివి?

2017 కేంద్ర ఆర్థిక నిబంధనల్లో స్టార్టప్‌లకి ఈ షరతులు సడలించే వీలుంది, నాణ్యత తగ్గకుంటే చాలు. కానీ రేపు ఆడిట్‌లో అడిగితే జవాబు చెప్పాల్సింది సంతకం పెట్టిన ఆఫీసరే. ఆయన మాత్రం ఎందుకు తల దూరుస్తడు? ఈలోపు లైసెన్సు, వైద్య పరికరాల నాణ్యతకిచ్చే ఐఎస్ఓ 13485 సర్టిఫికెట్, ఇంజనీర్ల జీతాలు, అన్నిటికీ ఖర్చే. చివరికి కార్పొరేట్ హాస్పిటల్‌కి అమ్ముకుంటాం, వాళ్ళు చెక్కు ఇస్తారు కాబట్టి. ములుగు కోసం మొదలుపెట్టింది జూబ్లీహిల్స్‌లో తేలుతది.

డల్లాస్_శీను:
అందుకే నేను గ్రాంటు వద్దంటున్నా. ఊరికే ఇచ్చిన డబ్బుకి లెక్క ఉండదు. వాటా తీసుకుందాం, నెలనెలా రివ్యూ పెడదాం, ఇక్కడి మెంటర్లని కలుపుదాం. కంపెనీ నిలబడితే మన డబ్బు వెనక్కి వస్తుంది, ఇంకో పదిమందికి ఇవ్వొచ్చు.

ప్రజారోగ్యం_ముందు:
శీను గారూ, వాటా తీసుకున్నాక మీ రివ్యూలో మొదటి ప్రశ్న అమ్మకాల గురించే ఉంటుంది. అది మీ తప్పు కాదు, వాటా స్వభావమే అంత. అమ్మకాలు రాని ఊళ్ళకి ఆ పిల్లలు వెళ్ళరు.

నేను ప్రభుత్వ వైద్యుణ్ణి. స్టార్టప్ గురించి ఎవరు మాట్లాడినా శాంతా బయోటెక్ పేరు తెస్తారు, కాబట్టి నేనే తెస్తాను. వరప్రసాద్ రెడ్డి గారు 1993లో కంపెనీ పెట్టారు. ఇక్కడి బ్యాంకులు మొహం చాటేస్తే ఒమన్ విదేశాంగ మంత్రి ఆదుకున్నారు. 1997లో హెపటైటిస్-బి టీకా వచ్చింది, దిగుమతి టీకా ధరలు దిగొచ్చాయి. గొప్ప సంగతే, కాదనను. కానీ ఆ టీకా దేశమంతా ప్రతి బిడ్డకీ ఉచితంగా వేసే జాబితాలోకి వచ్చింది 2011లో. మధ్యలో 14 ఏళ్ళు కొనుక్కోగలిగినవాళ్ళ పిల్లలకే ఎక్కువగా పడింది. ఊరిదాకా తీసుకెళ్ళింది ప్రభుత్వ కొనుగోలు, చల్లపెట్టె మోసుకెళ్ళిన ఏఎన్ఎం.

108 కూడా అంతే. 2005లో సత్యం కంప్యూటర్స్ పెట్టిన రామలింగరాజు గారి కుటుంబం డబ్బుతో మొదలైంది. 2009లో సత్యం కుప్పకూలినా బండ్లు తిరుగుతూనే ఉన్నాయి, నడిపే ఖర్చు అప్పటికే చాలావరకు ప్రభుత్వానిది కాబట్టి. అందుకే నా ఓటు పీహెచ్‌సీకి.

ఓరుగల్లు_మేకర్:
డాక్టర్ సాబ్, మీ రెండు ఉదాహరణల్లోనూ ముందు ఎవరో ఒకరు సొంత రిస్కుతో మొదలుపెట్టారు. ఆ మొదటి డబ్బు లేకుంటే ప్రభుత్వం కొనడానికి ఏముంటది?

సీఏ_బెజవాడ:
ఆవేశపడే ముందు ఒక చిన్న మాట. పన్ను మినహాయింపు ఉన్న ట్రస్టు మామూలుగా ప్రైవేట్ కంపెనీ షేర్లు పెట్టుకోకూడదు, మినహాయింపుకే ఎసరొస్తుంది. శీను గారి వాటా ఆలోచన అక్కడే ఆగుతుంది. పైగా డల్లాస్ మిత్రుల్లో అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ళ డబ్బు విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కిందికి వస్తుంది, భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళది రాదు. ముందు అది తేల్చుకోండి.

నన్నడిగితే కొని ఇవ్వండి. పరికరాలు మీ ట్రస్టు కొని పీహెచ్‌సీలకి దానం చేస్తే ఎవరికీ ఇబ్బంది లేదు. కుర్రాళ్ళకి మొదటి బిల్లు పుడుతుంది, ఆసుపత్రికి వస్తువు వస్తుంది.

ప్రజారోగ్యం_ముందు:
దానం చేసిన వస్తువులు చూడాలంటే మా స్టోర్ రూమ్‌కి రండి. ప్లాస్టిక్ కవర్ కూడా తీయనివి ఉన్నాయి. ఛార్జర్ పోయిందనో, నేర్పినవాళ్ళకి బదిలీ అయిందనో పక్కన పడేసినవే. దాత పేరు మాత్రం స్టిక్కర్ మీద భద్రంగా ఉంటుంది.

సీఏ_బెజవాడ:
అయితే డబ్బు ఒకేసారి ఇవ్వకండి. కొంత అందించినప్పుడు, మిగతాది రెండేళ్ళపాటు వాడకం లెక్క చూసి. రిపేరు, ట్రైనింగ్ ఆ ధరలోనే ఉండాలి. చిన్న కంపెనీలకి 45 రోజుల్లో బిల్లు కట్టాలని ఎంఎస్ఎంఈ చట్టం ఉంది. అయినా తనకి ఆర్డరిచ్చే శాఖ మీదే ఫిర్యాదు చేసే చిన్న కంపెనీని నేనింతవరకు చూడలేదు. మీరైనా వాయిదాలు టైముకి కట్టండి, వాళ్ళకి అదే పెద్ద సాయం.

పాడేరు_మాస్టారు:
ఇంతసేపూ పరికరం చేసే కుర్రాళ్ళ గురించే మాట్లాడుతున్నారు. అసలు దరఖాస్తు పెట్టగలిగేది ఎవరు? ఇంగ్లీషులో పీపీటీ, అయిదు నిమిషాల పిచ్, లింక్డ్‌ఇన్. మా ఏజెన్సీలో గర్భిణిని డోలీలో మోసుకెళ్ళే దారులు ఇంకా ఉన్నాయి. 2018లో ఫీడర్ అంబులెన్సుల పేరుతో బైకులు వచ్చాయి, బైకు వెళ్ళే దారి ఉన్నంతవరకు పనికొచ్చాయి. దారి ఆగిన చోట నుంచి ఏం చేయాలో మా ఆశా కార్యకర్తలకి ఆలోచనలున్నాయి. ఆ ఆలోచనని ఫారంలో ఏ గడిలో రాయాలి? మీ దరఖాస్తు తెలుగులో, ఫోన్‌లో మాట్లాడి రికార్డు చేసినా చెల్లేలా పెట్టండి. రిజిస్టరైన కంపెనీయే కావాలనకండి.

డల్లాస్_శీను:
మాస్టారూ, మంచి మాట. కానీ కంపెనీ లేకుండా డబ్బు ఎవరి ఖాతాలో వేస్తాం?

పాడేరు_మాస్టారు:
పొదుపు సంఘాలున్నాయి. వాటి ఖాతాలూ, లెక్కలూ ఆడవాళ్ళే నడుపుతున్నారు.

పాతబ్యాచ్_కాకినాడ:
అందరికీ థాంక్స్. ఆదివారం కాల్‌లో ఇలా పెడుతున్నాను. వాటా ఆలోచన మానేద్దాం. క్లిప్పు పరికరం ముందు పీహెచ్‌సీలో రక్తపరీక్షతో పోల్చి చూస్తారు, గోరింటాకు వేళ్ళు, పొలం పని చేసే వేళ్ళు కలిపి. అంకెలు కుదిరితే కొన్ని కొంటాం, డబ్బు వాయిదాల్లో. సప్లై సర్టిఫికెట్ మెడికల్ ఆఫీసర్ సంతకంతో ఇప్పిస్తాం, రేపు టెండర్‌లో పనికొస్తుందేమో. మిగతా సగం తెలుగు దరఖాస్తులకి. సిస్టర్ గారూ, కమిటీలో కూర్చుంటారా?

రిటైర్డ్_సిస్టర్:
కూర్చుంటా. మాత్రల సంగతి మీద ఎవరైనా దరఖాస్తు పెడితే ముందు అది నాకు పంపండి.

ప్రజారోగ్యం_ముందు:
నా ఓటు ఇప్పటికీ పీహెచ్‌సీకే. కానీ ఇలా అయితే అడ్డుపడను. ఒక్క షరతు: రక్తం తక్కువని పరికరం చెప్పిన ప్రతి మనిషికీ ఆ నెలలో వైద్యం అందిందా లేదా అన్నది కూడా వాడకం లెక్కలో ఉండాలి. అది లేకుండా రెండో వాయిదా కట్టొద్దు.

ఓరుగల్లు_మేకర్:
మాత్రలు స్టాక్ లేకుంటే ఆ కుర్రాళ్ళు ఏం చేస్తారు సాబ్? వాళ్ళ చేతిలో లేనిదానికి బిల్లు ఆపడం అన్యాయం. ఆ వివరం ఆదివారం లోపే తేల్చండి.