స్వయంచాలిత ఆయుధాలకు ‘ఉపసంహారం’ అనొచ్చా?

తిరుపతి, కొర్లగుంట:
తామే గురి ఎంచుకుని దాడి చేసే స్వయంచాలిత ఆయుధాల మీద జెనీవాలో జరిగే చర్చల్లో నలిగే ‘మీనింగ్‌ఫుల్ హ్యూమన్ కంట్రోల్’ను పేపర్లు ‘అర్థవంతమైన మానవ నియంత్రణ’ అంటున్నాయి. లా పిల్లలకు అది చదివితే ఏం చేయాలో బోధపడదు. అస్త్రవిద్యలోని ‘ఉపసంహారం’, అంటే వేసిన అస్త్రాన్ని వెనక్కి తీసుకోవడం, నప్పుతుందా?

చిత్తూరు, గిరింపేట:
బాగా నప్పుతుంది సార్. అశ్వత్థామకు బ్రహ్మశిరోస్త్రం వేయడం తెలుసు, వెనక్కి తీసుకోవడం చేతకాలేదు. వ్యాసుడు, నారదుడు అడ్డం నిలిస్తే అర్జునుడు తనది ఉపసంహరించాడు. అశ్వత్థామది పాండవ స్త్రీల గర్భాల మీదికి మళ్లింది. యుద్ధ నియమాలు చెప్పే జెనీవా ఒప్పందాలకు 1977లో చేర్చిన మొదటి అదనపు ప్రోటోకాల్, 57వ అధికరణం 2(బి) కోరేదీ ఆ విద్యే: గురి సైనిక లక్ష్యం కాదని తేలినా, పౌర నష్టం సైనిక లాభాన్ని మించుతుందని తేలినా దాడి రద్దు చేయాలి, లేదా ఆపాలి. భారత్ ఆ ప్రోటోకాల్‌లో చేరలేదు గానీ, ఈ నియమాన్ని రెడ్‌క్రాస్ అంతర్జాతీయ కమిటీ, చేరని దేశాలకూ వర్తించే ఆచార చట్టంగా లెక్కిస్తుంది.

తిరుపతి, ఎయిర్ బైపాస్ రోడ్డు:
అన్నా, తుపాకీ గుండునూ వెనక్కి తీసుకోలేం కదా! మరి దాన్ని చట్టం నిషేధించలేదే?

చిత్తూరు, గిరింపేట:
మంచి పట్టు పట్టినావు. గుండుకు గురి ఎంచేది మనిషే, కాల్చేముందే. గాల్లో చక్కర్లు కొట్టే డ్రోన్‌ను వదిలాక, అది గురి ఎంచుకునేలోపు చాలాసేపు గడవొచ్చు. ఈలోగా కింద బడి పిల్లలు రావచ్చు. ఆ ఎడం పెరిగేకొద్దీ ఉపసంహారం అవసరం పెరుగుతుంది. చిక్కంతా సిగ్నల్ దగ్గర. శత్రువు జామర్ వేస్తే దాడి ఆపే ‘అబార్ట్’ బటన్ ఉన్నా లేనట్టే. అందుకే ఆయుధం కొనేముందే అడగాలి: లింకు తెగితే తిరిగొస్తుందా, ఖాళీ చోట పేలిపోతుందా, తానే గురి వెతుక్కుంటుందా? మూడోదైతే అది అశ్వత్థామ అస్త్రమే. ఈ అడగడమే అదే మొదటి ప్రోటోకాల్ 36వ అధికరణం చెప్పే కొత్త ఆయుధాల సమీక్ష.

దూరం నుంచి చల్లే మందుపాతరలకు ఇట్లాంటి నియమం ముందే ఉంది. కొన్ని సంప్రదాయ ఆయుధాల ఒప్పందం (సీసీడబ్ల్యూ) కింద 1996లో సవరించిన రెండో ప్రోటోకాల్ ప్రకారం, మనుషుల మీద వాడేవి 30 రోజుల్లో వాటంతటవే పేలిపోవాలి. వందకు పదికి మించి మిగలకూడదు. 120 రోజుల తర్వాత పనిచేసేవి వెయ్యికి ఒకటి దాటకూడదు. భారత్ ఇందులో ఉంది.

తిరుపతి, కొర్లగుంట:
‘ఉపసంహారం’ అంటే పిల్లలు వ్యాసంలో చివరి పేరా అనుకుంటారు. నామినేషన్ల ‘ఉపసంహరణ’ ఊరందరికీ తెలుసు, అదే రాస్తాం. మొత్తం భావనకు ‘మనిషి అదుపు’ అందాం, అందులో 57వ అధికరణం కోరేదానికి ‘ఉపసంహరణ’.

చిత్తూరు, గిరింపేట:
సరే సార్. బటన్ నొక్కే మనిషికి చూసుకునే తీరిక కూడా ఉండాలని ఒక వాక్యం చేర్చండి. తెర మీద వచ్చిన ప్రతి గురికీ క్షణాల్లో ‘సరే’ కొడుతూ పోతే అది అదుపు కాదు, యంత్రం మీద గుడ్డి నమ్మకం. 2019లో జెనీవాలో ఒప్పుకున్న 11 సూత్రాల్లో ఒకటి స్పష్టంగానే ఉంది: జవాబుదారీని యంత్రానికి బదలాయించలేం.