గుట్ట మీద వాకింగ్ ట్రాక్: వీల్‌చైర్ పోవాలంటే ఎలా వేయాలి?

ఎర్రమొరం:
వికారాబాద్ వైపు ఒక గుట్ట పార్కులో 900 మీటర్ల ట్రాక్ ఉంది. వెడల్పు కొన్ని చోట్ల 1.2 మీటర్లు, కొన్ని చోట్ల 2. మొరం పోసి వదిలేశారు. వానాకాలం బురద, ఎండాకాలం రాళ్లు తేలతాయి. మధ్యలో 40 మీటర్ల ముక్క నిటారుగా ఉంది, అందులోనే 4.4 మీటర్లు ఎక్కాలి. వీల్‌చైర్ వాళ్లు, చూపు లేనివాళ్లు ఒకరి సాయం లేకుండా తిరగాలని కమిటీ కోరిక. కాంట్రాక్టరేమో తాండూరు పాలిష్ బండ వేద్దామంటున్నాడు. వాలు ఎంత ఉండొచ్చు? పైన ఏం వేయాలి?

లెవెల్‌పైపు:
పాలిష్ బండ వద్దే వద్దు. తడిస్తే జారుతుంది. కింద మొరం కుంగితే బండకీ బండకీ మధ్య అంచు లేస్తుంది. వీల్‌చైర్ ముందు చక్రాలు చిన్నవి కాబట్టి వేలెడు మందం అంచుకే టక్కున ఆగిపోతాయి, కూర్చున్న మనిషి ముందుకు పడతాడు.

ఇక వాలు. వికలాంగుల సౌకర్యాల కోసం కేంద్రం 2021లో ఇచ్చిన హార్మనైజ్డ్ గైడ్‌లైన్స్‌లో ర్యాంపుకు 1:12 ఉంది, అంటే 12 మీటర్లు పోతే 1 మీటరు ఎక్కడం. గుట్టల మీది బాటలకైతే ఇలాంటి సౌకర్యాలకే ప్రమాణాలు పెట్టే అమెరికా యాక్సెస్ బోర్డు 2013 లెక్కలు పనికొస్తాయి. 1:20 దాకా ఎంత దూరమైనా పర్వాలేదు. 1:12 అయితే 61 మీటర్లకు, 1:10 అయితే 9 మీటర్లకు, 1:8 అయితే 3 మీటర్లకు ఒక చదును జాగా రావాలి. మొత్తం పొడవులో 30 శాతానికి మించి 1:12 కన్నా నిటారు ఉండకూడదు.

మీ 40 మీటర్ల ముక్క దాదాపు 1:9. అది ఏ లెక్కలోనూ నిలవదు. మట్టి కోసి సరిచేద్దామనుకోకండి, బాటనే పక్కకి తిప్పండి. 1:20 కావాలంటే 88 మీటర్లు పడుతుంది. జాగా లేకపోతే 1:12లో 53 మీటర్లు, దానికి ప్రతి 9 మీటర్లకూ ఒకటిన్నర మీటరు చదును కలిపితే సుమారు 60. ఒక్క బిగిన 61 మీటర్లు ఎక్కించవచ్చని కాగితం మీద ఉన్నా, సొంతంగా చక్రం తోసుకునేవాళ్లకు అది నరకం. మలుపుల్లో 1.5 × 1.5 మీటర్ల చదును తప్పదు.

కొలవడానికి 60 సెంటీమీటర్ల మట్టం చాలు. బుడగ మధ్యకి వచ్చేదాకా పల్లపు కొస ఎత్తండి. కింద సందు 3 సెంటీమీటర్లయితే 1:20, 5 అయితే 1:12.

క్రషర్‌డస్ట్:
పైకి క్రషర్ డస్ట్ (కంకర కొట్టేటప్పుడు మిగిలే రాతి పొడి) మంచిది, చవక కూడా. ఎం-శాండ్ (రాయి పగలగొట్టి చేసే ఇసుక) మాత్రం తేవద్దు. కడిగి మెత్తటి పొడి తీసేస్తారు కదా, ఎంత రోలర్ తిప్పినా పూసల్లా దొర్లుతుంది, చక్రం దిగబడుతుంది. 6 మి.మీ. నుంచి పిండి దాకా కలిసిన డస్టే కావాలి. కింద 10 సెంటీమీటర్లు కంకర, రోలింగ్. పైన 7 సెంటీమీటర్లు డస్ట్. తడి ఎంత ఉండాలంటే, గుప్పిట్లో పిసికితే ముద్ద నిలవాలి, చేతికి నీళ్లు అంటకూడదు. రోలింగ్ అయ్యాక మడమ గుచ్చి తిప్పి చూడండి, పొడి లేస్తే ఇంకా పని ఉన్నట్టే.

అడ్డవాలు 3 శాతం ఇస్తే నీళ్లు పోతాయి, అంటే మీటరున్నర వెడల్పుకు నాలుగున్నర సెంటీమీటర్లు. ఎక్కువైతే బండి పల్లంవైపే లాగుతుంది, ఒక చెయ్యి పీకుతుంది. 1:20 కన్నా నిటారు చోట డస్ట్ మొదటి వానకే కొట్టుకుపోతుంది. అక్కడ 10 సెంటీమీటర్ల కాంక్రీటు వేసి, పచ్చిగా ఉన్నప్పుడే చీపురుతో అడ్డంగా గీయించండి.

తెల్లకర్ర:
చూపు లేనివాళ్ల కోసం ట్రాక్ పొడవునా కర్రకు తగిలే గీతల పసుపు టైల్స్ పరుస్తారేమో, ఆ డబ్బు దండగ. గుండ్రటి బొడిపెల టైల్ మెట్టు, మలుపు, రోడ్డు దాటే చోట పెడితే చాలు. మిగతా దూరానికి పల్లంవైపు 10 సెంటీమీటర్ల అంచుగోడ ఉంటే కర్ర దాన్ని పట్టుకుని పోతుంది. ఆ గోడకు అక్కడక్కడ సందులు వదలకపోతే నీళ్లు ట్రాక్ మీదే నిలుస్తాయి. సందు కర్ర కొస దూరనంత సన్నగా ఉండాలి.

అందరూ మరిచేది తల ఎత్తు. కొమ్మలు 2.1 మీటర్ల పైకి కోయించండి. నడుము ఎత్తులో బాట మీదికి 10 సెంటీమీటర్లకు మించి ఏదీ పొడుచుకు రాకూడదు. నేల మీది రాయి కర్రకు తెలుస్తుంది కానీ, స్తంభానికి వేలాడే బోర్డు తలకే తెలుస్తుంది.

ఎర్రమొరం:
చాలా థ్యాంక్స్. బైకులు రాకుండా గేటు దగ్గర జిగ్‌జాగ్ పైపులు పెట్టారు. వాటినేం చేయాలి?

లెవెల్‌పైపు:
తీసేయించండి. వీల్‌చైర్ పట్టే 90 సెంటీమీటర్ల సందులో బైకూ పడుతుంది, రెంటినీ వేరుచేసే పైపు లేదు. గేటు వెడల్పుగా పెట్టి వాచ్‌మన్‌ని కూర్చోబెట్టడమే దారి. చేత్తో తిప్పే మూడు చక్రాల బండ్లు, పక్క చక్రాల స్కూటీలు వీల్‌చైర్ కన్నా వెడల్పు, మీ ఊళ్లోవాటిని టేపు పెట్టి కొలిచాకే గేటు చేయించండి. ట్రాక్ 1.8 మీటర్లుంటే రెండు బండ్లు ఎదురుపడ్డా తప్పుకుంటాయి. మొదట్లో ఒక బోర్డు పెట్టి పొడవు, అతి నిటారు వాలు, అతి ఇరుకు వెడల్పు, పైన ఏం వేశారో రాయించండి. ‘అందరికీ అనుకూలం’ అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు, మధ్యదాకా పోయి తిరిగిరావాల్సిందే.