‘నేపథ్య సంగీతం’ దేని వెనకాల?

అందరికీ నమస్కారం. మొన్న ఆదివారం మా ఊళ్లో ఒక డాక్యుమెంటరీ వేశారు. గంట సినిమా, ఒడ్డున నిలబడి వల లాగే జాలర్ల మీద. అయ్యాక సంగీతం చేసినాయనతో ముఖాముఖి. తెలుగు కరపత్రం రాసే పని నా నెత్తిన పడింది. ఆయన పేరు ముందు ‘నేపథ్య సంగీతం’ అని రాశాను. ఆయన అది చూసి, ‘మాటలు లేని చోటే నాకు పని ఇచ్చారండీ. అక్కడ నా సంగీతం తప్ప ఇంకేమీ లేదు. మరి అది దేని వెనకాల ఉన్నట్టు?’ అన్నారు. నేను నీళ్లు నమిలాను. అంతలో ముందు వరసలోంచి ఒక పెద్దావిడ, ‘నిజం చూపించే సినిమాకి సంగీతం దేనికి బాబూ? మమ్మల్ని ఏడిపించడానికా?’ అంది. హాలు గొల్లుమంది.

ఇంటికొచ్చి చూస్తే పాత సంస్కృత నిఘంటువు అమరకోశంలో ‘ఆకల్పవేషౌ నేపథ్యం ప్రతికర్మ ప్రసాధనమ్’ అని ఉంది. అన్నీ వేషానికీ అలంకారానికీ పేర్లే! ‘వెనక’ అన్న ఊసే లేదు. కాళిదాసు నాటకం శాకుంతలం మొదట్లో సూత్రధారుడు నటితో ‘నేపథ్యవిధానం’ అయిపోతే ఇటు రా అంటాడు, అంటే ముస్తాబు. కాసేపటికే ‘నేపథ్యే’ అని ఉండి, లోపలినుంచి ‘ఇది ఆశ్రమమృగం, చంపకూడదు’ అని కేక. ఇక్కడ అదే మాటకి అర్థం ముస్తాబయ్యే గది. ఆ కేకకే దుష్యంతుడి రథం ఆగుతుంది. కనబడని చోటునుంచి వచ్చినంత మాత్రాన చిన్నదేం కాదు. అలాగని ‘వేషం’ అన్న అర్థం తీసుకుంటే పెద్దావిడ ప్రశ్న ఇంకా గట్టిగా తగులుతోంది. ఏం చేద్దాం?

— బాగుందండీ. నేపథ్య గానం సంగతీ ఇలాంటిదే. ప్లేబ్యాక్ అంటే ముందే రికార్డు చేసిన పాటని షూటింగులో మళ్లీ వినిపించడం. అందులో ‘వెనక’ ఏమీ లేదు. మనవాళ్లు మాటని అనువదించలేదు, తెరచాటునుంచి వినబడే గొంతుని తలుచుకుని పేరు పెట్టారు. నా దృష్టిలో మూలం కన్నా మనదే బాగుంది.

— పాత తెలుగు నాటకాల్లో ‘నేపథ్యే’ అన్నచోట ‘(తెరలో)’ అని వేసేవారు, గమనించారా? అప్పట్లో తెర దాచేది, ఇప్పుడు చూపించేది. ‘తెరలో’ అంటే ఈ కాలం పిల్లలు టీవీలో అనుకుంటారు.

— పరిశ్రమలో నేపథ్య సంగీతం అనేవాళ్లు తక్కువండీ. ‘ఆర్ఆర్’ అంటారు, రీరికార్డింగ్. ఇక పేపర్లవాళ్లు ‘ఈ నేపథ్యంలో’ అని ప్రతి వార్తకీ తగిలించి మాటని అరగదీశారు. వాళ్లని ముందు ఆపాలి.

— పెద్దావిడ ప్రశ్న పాతదే. 1948లో అమెరికా దర్శకుడు రాబర్ట్ ఫ్లాహర్టీ డాక్యుమెంటరీ ధోరణిలో ‘లూసియానా స్టోరీ’ తీశారు. దాని సంగీతానికి వర్జిల్ థామ్సన్‌కి 1949లో అమెరికాలో పేరున్న పులిట్జర్ బహుమతి వచ్చింది. సినిమా సంగీతానికి ఆ బహుమతి రావడం అదే మొదలు. అయితే అందులో కుటుంబం నిజం కుటుంబం కాదు, అక్కడి వాళ్లనే ఏరి తల్లి, తండ్రి, కొడుకు వేషాలు కట్టించారు. అమరకోశం అర్థంలో ఆ సినిమా అంతా నేపథ్యమే! అది సరే, పెద్దావిడకి మీ సంగీతం ఆయన ఏం చెప్పారు?

— అవును, చెప్పడం మరిచాను. ఆయన ఎదురు ప్రశ్న వేశారు: ‘మీకు ఏడుపు ఎక్కడొచ్చిందమ్మా?’ ‘వల లాగుతూ హైలెస్సా అంటారే, అక్కడ’ అందావిడ. ‘అది నాది కాదమ్మా, వాళ్లది’ అన్నారాయన. ఈసారి కరపత్రంలో ‘సంగీతం’ అని మాత్రం వేస్తాను. ఆ హైలెస్సాకి ఎవరి పేరు వెయ్యాలో ఇంకా తేలలేదు.