చేలో దిగిన పెద్దబాతుల గుంపుని బెదరగొట్టకుండా చూసేదెలా?

గట్టుమీదోడు:
మొన్న ఆదివారం చెరువు పక్క కోసేసిన వరి మళ్లలో బార్ హెడెడ్ గూస్‌లు కనిపించాయండీ, అదే, తల వెనక రెండు నల్ల చారలుండే పెద్దబాతులు. ఐదారొందలు ఉంటాయేమో, లెక్కపెట్టడం నాకు చేతకాలేదు. బైక్ దూరంగా ఆపి, గట్టు చాటున వంగి వంగి దొంగలా వెళ్లాను. ముందు ఒకటి మెడ నిక్కించింది, తర్వాత ఓ పది, ఆ తర్వాత మేత మానేసి అన్నీ. ఇంతలో ఒక్కటే గోల, మొత్తం లేచిపోయాయి. ఫోటో పోతే పోయింది, వాటి తిండి చెడగొట్టానే అని బాధగా ఉంది. ఈసారి ఎలా వెళ్లాలి?

పాత బైనాక్యులర్:
వంగి నడవడమే తప్పు. వాటి దృష్టిలో అలా వచ్చేది నక్కే! కారు దొరికితే రోడ్డు మీదే ఆపి, ఇంజన్ ఆపేసి, లోపలే కూర్చోండి, బండికంటే దిగిన మనిషికే ఎక్కువ బెదురుతాయి. ఇవి చాలాచోట్ల రాత్రంతా, తెల్లవారుజామున చేలల్లో మేసి ఎండెక్కేసరికి నీళ్లలోకి పోతాయి కాబట్టి వెలుతురు రాకముందే అక్కడుండాలి. మెడలు లేచాయంటే ఇక ఒక్క అడుగు కూడా వద్దు. లెక్కకి, ముందు ఒక యాభై ఎంత మేర ఉన్నాయో చూసుకుని, అలాంటివి ఎన్ని పడతాయో అంచనా వేసుకోవడమే.

శనగచేను:
మీకు చూడముచ్చట, మాకు కాపలా. కోసిన మళ్లలో రాలిన గింజలు ఏరుకుంటే ఎవరికీ నష్టం లేదు, మొలకెత్తిన శనగలో దిగితేనే గుండె గుభేలుమంటుంది. డబ్బా కొట్టి లేపుతాం, అంతే, వాటిని చంపడం చట్టరీత్యా నేరమని మాకూ తెలుసు. ఫోటోల కోసం వచ్చేవాళ్లు అడక్కుండా చేలో దిగి తొక్కేస్తారు, అదే ఒళ్లు మండేది. ఒక్క మాట అడిగితే ఎవరూ కాదనరు, పైగా పొద్దున ఏ మడిలో వాలాయో మేమే చెప్తాం.

నీటికోడి:
శనగచేను గారి మాటకి నా ఓటు. ఇవి మంగోలియా, టిబెట్ వైపు నుంచి హిమాలయాలు దాటి వస్తాయి. ట్రాకర్లు కట్టి చూస్తే ఒకటి 7,290 మీటర్ల ఎత్తున ఎగిరినట్టు తేలింది. వీటి రక్తంలో హిమోగ్లోబిన్ పల్చటి గాలిలోంచి కూడా ఆక్సిజన్‌ని గట్టిగా పట్టుకుంటుంది. కర్ణాటకలో గదగ్ జిల్లా మాగడి చెరువుకి ఏటా వస్తాయి, వీలైతే వెళ్లండి. ఇంకోటి, గుంపంతా ఒకటే అనుకోకండి, అందులో కుటుంబాలుంటాయి. తల మీద చారలు లేకుండా నడినెత్తి నుంచి మెడ వెనకదాకా ముదురు రంగున్నవి ఆ ఏటి పిల్లలు, అమ్మానాన్నల్ని వదలవు. మెడకి అక్షరాలున్న ప్లాస్టిక్ పట్టీ కనిపిస్తే తప్పక రాసుకోండి, మంగోలియాలో అలా పట్టీ వేసినవి కర్ణాటకలో దొరికాయి.

గట్టుమీదోడు:
అందరికీ థాంక్స్. ఇవాళ మా బావ కారులో చీకటుండగానే వెళ్లి రోడ్డు వారన ఆగాం. బావకి దగ్గొచ్చినప్పుడల్లా నాకు టెన్షనే. తెల్లారేసరికి మాకు ముప్పై అడుగుల్లో ఒక జంట, మూడు పిల్లలు. తల్లో తండ్రో తెలీదు గానీ ఒకటి మేస్తుంటే రెండోది మెడెత్తి కాపలా, కాసేపటికి వంతు మార్చుకున్నాయి. వరి మోళ్లు పట్టి లాగుతుంటే పుటుక్కున తెగే చప్పుడు కూడా వినిపించింది. పట్టీలేం కనపడలేదు. ఫోటోలు మాత్రం అన్నీ మసకే, అద్దం దించడం మర్చిపోయాను.