అప్‌డేట్: నుజ్జయిన ఆ ఫైరింజన్ కెప్టెన్ గురించి

న్యూయార్క్‌లో 9/11 మ్యూజియం చూసొచ్చాక, అక్కడ ముందు భాగం నుజ్జయిపోయి ఉన్న ‘ల్యాడర్ 3’ ఫైరింజన్ కెప్టెన్ నిజంగా వియత్నాం యుద్ధంలో పనిచేశారా అని అడిగాను కదా. నిజమేనండీ. పేరు ప్యాట్రిక్ బ్రౌన్, అందరికీ ప్యాడీ. మెరైన్‌గా (అమెరికా మెరైన్ దళ సైనికుడిగా) వియత్నాం వెళ్లొచ్చి, తర్వాత న్యూయార్క్ ఫైర్ డిపార్ట్‌మెంట్‌లో చేరారు.

1991 నాటి సంగతి ఒకటి చదివి అక్కడే ఆగిపోయాను. మాన్‌హట్టన్‌లో మంటలంటుకున్న ఒక ఎత్తైన బిల్డింగ్‌లో ఇద్దరు కిటికీల దగ్గర చిక్కుకుపోయారు. పైన డాబా మీద తాడు కట్టడానికి గట్టి ఆధారమే లేదు. అప్పటికి లెఫ్టినెంట్‌గా ఉన్న బ్రౌన్, ఇంకొందరు కలిసి తాడును చేతులతోనే బిగబట్టి ఫైర్‌మెన్‌ను ఆ కిటికీల దాకా దించారు. చిక్కుకున్న ఇద్దరూ బతికారు. చదువుతుంటేనే నా అరచేతులకు చెమట పట్టింది!

కరాటేలో బ్లాక్ బెల్ట్ అట, యోగా కూడా చేసేవారట. మెరైన్, యోగా... నేనైతే ఊహించలేదు.

ఉగ్రదాడి జరిగిన 2001 సెప్టెంబర్ 11న తన టీమ్‌తో వరల్డ్ ట్రేడ్ సెంటర్ ఉత్తర టవర్ మెట్లెక్కారు, తిరిగి రాలేదు. 48 ఏళ్లు. ఆ రోజు పోయిన 343 మంది ఫైర్ సిబ్బందిలో ఆయనొకరు.

మా బావగారు మ్యూజియంలో ఆ ఫైరింజన్‌ను ఏదో పాత లారీ అనుకుని ఫొటో తీయలేదు. మళ్లీ వెళ్లాలి.