ఇంక్యుబేటర్‌లో రెండు తేమ సెన్సర్లు, రెండు లెక్కలు: ఏది నమ్మాలి?

ప్రశ్న (దేవరకొండ): అన్నలూ, నాటుకోడి గుడ్ల ఇంక్యుబేటర్ నడుపుతున్నాను. లోపల 37.5 డిగ్రీలు. డీహెచ్‌టీ22 అనే సెన్సర్ తేమ 68 శాతం చూపిస్తోంది, పక్కనే ఉన్న ఇంకో సెన్సర్ ఎస్‌హెచ్‌టీ31 మాత్రం 59 దాటడం లేదు. వానలు పడ్డాక తేడా ఇంకా పెరిగింది. నీళ్ల ట్రే ఉంచాలా, తీసేయాలా? కొత్త గుడ్లు పెట్టే టైమ్ దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది.

జవాబు (మిర్యాలగూడ): తమ్ముడూ, ఒక సెన్సర్‌ను ఇంకో సెన్సర్‌తో సరిచూడకు, ఉప్పుతో చూడు. గాలి చొరబడని డబ్బాలో చిన్న గిన్నె పెట్టి, ప్యాకెట్ ఉప్పును తడి ఇసుకలా అయ్యేదాకా నీళ్లతో కలుపు. కల్లుప్పు వద్దు, దాంట్లోని మెగ్నీషియం లెక్క తప్పిస్తుంది. సెన్సర్లు ఉప్పుకు తగలకుండా పైన వేలాడదీసి, డబ్బాను ఖాళీ ఇంక్యుబేటర్‌లోనే రాత్రంతా ఉంచు. 25 నుంచి 40 డిగ్రీల దాకా అక్కడ తేమ 75 దగ్గరే నిలుస్తుంది, మన ఎండలకు అదే పెద్ద ధైర్యం. డబ్బాలో వేడి అంతటా ఒకేలా ఉండాలి. ఒక్క డిగ్రీ తేడాకే తేమ నాలుగు శాతం మారిపోతుంది.

జవాబు (జడ్చర్ల): ఎక్కువ తేమలో చాలా రోజులున్న సెన్సర్ ఎక్కువే చూపిస్తుంది. ముందు పొడిచోట ఆరనివ్వండి. గుడ్లను కూడా తూచండి: తేమ సరిగ్గా ఉంటే 18వ రోజుకు బరువు 11 నుంచి 13 శాతం తగ్గాలి.

దేవరకొండ: ఆరబెట్టి చూశానన్నా. ఉప్పు డబ్బాలో డీహెచ్‌టీ22 83, ఎస్‌హెచ్‌టీ31 74. డీహెచ్‌టీ22కు 8 తగ్గించి రాసుకుంటున్నా. అంటే ఇంక్యుబేటర్‌లో అసలు తేమ 60 దగ్గరే, అందుకే ట్రే ఉంచేస్తున్నా.