ఇంట్లో పనులకి అందరిదీ ఒకే పద్ధతి ఉండాలా, ఎవరి తీరు వాళ్ళదా?

వానచినుకు:
అందరికీ నమస్తే. చిన్న విషయమే కానీ కొన్నాళ్ళుగా మనసులో తిరుగుతోంది. మాకు కవలలు, ఇద్దరూ అమ్మాయిలే, పదకొండేళ్ళు, అచ్చం ఒకేలా ఉంటారు. పెరిగింది ఒకే ఇంట్లో, నేర్పింది నేనే, అయినా ఒకత్తేమో టూత్‌పేస్ట్ ట్యూబుని కింద నుంచి చుట్టుకుంటూ వస్తుంది, రెండోది మధ్యలో పట్టి నొక్కేస్తుంది. పెద్దది స్నానం అయ్యాక టవల్ అంచులు సరిచేసి తీగ మీద ఆరేసి, ముడతలు లేకుండా చేత్తో రాస్తుంది. చిన్నది తలుపు మీద పడేసి పోతుంది, కానీ అదే పిల్ల రాత్రి పడుకోబోయే ముందు ఇంట్లో అందరి చెప్పులూ జతలు కలిపి గుమ్మం వైపు తిప్పి పెడుతుంది, ఎవరూ చెప్పలేదు దానికి! ఇన్నేళ్ళూ ఇద్దరికీ ఒకే పద్ధతి అలవాటు చెయ్యాలని నేను వెంటపడ్డా. మొన్న గట్టిగా అడిగితే "అక్కలా చేస్తే నేను చేసినట్టు ఉండదమ్మా" అంది. ఆ మాట నన్ను వదలట్లేదు. మీ ఇళ్ళల్లో ఎలా చేస్తారండీ?

పాతగడియారం:
మీ చిన్నమ్మాయి భలే మాట అందండీ. మా ఇంట్లో నాకూ మా అత్తగారికీ గ్లాసుల దగ్గర ఏళ్ళ తరబడి పేచీ. ఆవిడ కడిగిన గ్లాసులు బోర్లించి పెడతారు, నేను నిలబెట్టి పెడతా. దుమ్ము పడుతుందని ఆవిడ, లోపల తడి ఆరదని నేను, ఇద్దరిదీ నిజమేగా మరి. ఆవిడకి కంటి ఆపరేషన్ అయినప్పుడు నెల రోజులు వంటిల్లు నా చేతికొచ్చింది, అన్నీ నా పద్ధతిలోకి మార్చేశా. ఒక రాత్రి ఆవిడ మంచినీళ్ళకని లేచి లైటు వెయ్యకుండా తడుముకుంటూ వస్తే చెయ్యి తగిలి గ్లాసు దొర్లి పగిలిపోయింది. మా గ్లాసులకి మూతి వెడల్పు, అడుగు సన్నం, అందుకని బోర్లిస్తే అంత తేలిగ్గా పడవు. ఆవిడకి చూపు తగ్గడం మొదలైనప్పటి నుంచీ అలా పెట్టుకుంటున్నారట. నేను అన్నేళ్ళు వాదించా గానీ ఎందుకలా అని ఒక్కసారి కూడా అడగలేదు. ఇప్పుడు నేనూ బోర్లిస్తున్నా. మీరు కూడా ముందు అడిగి చూడండి.

చివరిబెంచి:
నాది ఎడమచేతి వాటం. మాలాంటివాళ్ళు పదిమందిలో ఒకరు ఉంటారు. చిన్నప్పుడు నాకు కాగితం కత్తిరించడం కూడా రాదని ఇంట్లో అందరూ తేల్చేశారు, నేనూ అదే నమ్మా. తర్వాత తెలిసింది, మామూలు కత్తెర కుడిచేత్తో నొక్కితే రెండు అంచులూ దగ్గరికొస్తాయి, ఎడమచేత్తో నొక్కితే దూరం జరుగుతాయి, అందుకే కాగితం తెగకుండా మడత పడేది. అచ్చం ఒకేలా ఉండే కవలల్లో కూడా ఒకరిది కుడిచేతి వాటం, ఒకరిది ఎడమచేతి వాటం అవ్వొచ్చండీ, మరి ట్యూబు నొక్కడంలో తేడా ఉండదా! ఓసారి మీ రెండు చేతుల వేళ్ళూ ఒకదాంట్లో ఒకటి పెట్టి చూడండి, ఏ బొటనవేలు పైకొచ్చిందో చూసి రెండోది పైకి వచ్చేలా మార్చండి, అది మీ చెయ్యి కానట్టే ఉంటుంది. పిల్లని పద్ధతి మార్చుకోమన్నప్పుడు దానికీ అలాగే ఉంటుందేమో.

సాయంత్రంనీడ:
పై ఇద్దరితో సగమే ఒప్పుకుంటా. ట్యూబు ఎక్కడ నొక్కితే ఎవరికి నష్టం, వదిలెయ్యండి. కానీ తలుపు మీద తడి టవల్ వాసనొస్తుంది, దాన్ని తీసి ఆరేసేది ఎవరు, మీరే కదా? నా తీరు ఇంతే అనే మాట వెనకాల ఇంకొకరి చాకిరీ ఉంటే దాన్ని నేను తీరు అనను. పని పూర్తవ్వాలి, ఎలా చేస్తుందో దాని ఇష్టం. అలవాటు చేసేటప్పుడు మాత్రం ఇద్దర్నీ పోల్చకండి ప్లీజ్. లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్ళు 96 మందితో చేసిన ఒక పరిశోధన 2010లో వచ్చింది, రోజూ ఒకే సందర్భంలో ఒకే చిన్న పని చెయ్యమంటే అది అలవాటుగా స్థిరపడటానికి ఒకరికి 18 రోజులు, ఇంకొకరికి 254 రోజులు, అంత తేడా! మధ్యలో ఒకరోజు తప్పినా పెద్దగా చెడిందేం లేదట. పెద్దదానికి మూడు వారాల్లో వచ్చింది చిన్నదానికి ఏడాదిలోగా రావచ్చు, అంతమాత్రాన అది బద్ధకం కాదు.

వానచినుకు:
అందరికీ థాంక్సండీ. పాతగడియారం గారు చెప్పినట్టు నిన్న చిన్నదాన్ని తిట్టకుండా అడిగా. రోజూ అక్కే ముందు స్నానం చేస్తుంది, తీగ చిన్నది, "నాది కూడా వేస్తే అక్క టవల్ ముడత పడుతుంది, అది మళ్ళీ వచ్చి సర్దుకుంటుంది, ఎందుకని తలుపు మీద వేస్తున్నా" అంది. నాకు నోట మాట రాలేదు. ఇవాళ దానికి విడిగా ఒక రాడ్ పెట్టించా, ఎంత ఎత్తులో కావాలో అదే చూపించింది. ట్యూబులు కూడా ఇక నుంచి ఎవరిది వాళ్ళకే. చెప్పులు గుమ్మం వైపు ఎందుకు తిప్పి పెడతావని కూడా అడిగా, "పొద్దున్నే నాన్న తొందరగా వెళ్ళాలి కదా" అంది.